చెవిమామ సాక్ష్యం

బూడిద అనే గుర్రం ఎడమ ముక్కులోంచి దారపు కొస ఒకటి వేలాడుతూ కనిపించింది. కళ్లెమక్క దాన్ని పట్టుకుని మెల్లగా లాగితే, కోడిగుడ్డంత స్పాంజి ముక్క చీమూ నెత్తురూ ఓడుతూ ఆమె అరచేతిలో పడింది.

దాని వెనకే, ఇన్నాళ్లూ లోపల నిలవున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. పసుపుపచ్చగా, జిగురుగా, బంకలా సాగుతూ కారింది. గుర్రం తల విదిలించి మూడుసార్లు తుమ్మి, అలసిపోయినట్టు ఆమె భుజం మీద గడ్డం ఆనించింది.

కొని ఐదు రోజులైంది. పదకొండేళ్లు యజమానుల అద్దె గుర్రాలను తోలి, ఇనుప కడ్డీలూ సిమెంటు బస్తాలూ లారీలు పట్టని సందుల్లోకి మోసి, కూలి డబ్బుల్లో పూటకి ఇంత అని పక్కన పెట్టి, నలభై ఐదు వేలకు కొన్న గుర్రం. బండ్ల దొడ్డిలో ఉన్న పద్నాలుగు గుర్రాల్లో ఆడమనిషి సొంత గుర్రం ఇదొక్కటే. గుర్రం లేని రోజుల్లో కూడా భుజాన కళ్లెం వేసుకునే తిరిగేది కనక దొడ్డిలో ఆమెకి ఆ పేరు పడింది. గుర్రం కొన్నరోజున అందరూ, "ఇన్నాళ్లకి కళ్లేనికి తల దొరికింది" అని నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. స్పాంజిని పాత గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని బూడిద డొక్క వైపు చూస్తూ నిలబడింది. పనిలేకుండా నిలబడ్డ గుర్రం నిమిషానికి పదో పన్నెండో ఊపిర్లు తీస్తుంది. మహా అయితే పదహారు. బూడిద ముప్పై నాలుగు తీసింది. ఊపిరి వదిలేటప్పుడు ఒకసారి కాదు, రెండుసార్లు డొక్క బిగించి బయటికి నెడుతోంది. పక్కటెముకల కింద తాడు కట్టి లాగినట్టు గీత పడింది. నిలబడ్డచోటే ముక్కుపుటాలు గిన్నెల్లా విచ్చుకుంటున్నాయి. మెడ ముందుకి చాచి నిలబడింది, దూరాన ఎవరో పిలిస్తే వింటున్నట్టు.

దవడ కింద వేలు పెట్టింది. ఎడమ పక్కన నిమ్మకాయంత గడ్డ. రాయిలా ఉంది. కదపబోతే కదల్లేదు, ఎముకకి అతుక్కుపోయింది. ఫోన్ లైటు వేసి ముక్కులోకి చూసింది. లోపలి గోడ మీద, ఎలుక కొరికినట్టు అంచులు లేచిన పుళ్లు.

జలుబైతే రెండు ముక్కులూ కారతాయి. ఒక్క ముక్కే కారి, ఆ పక్కనే దవడ కింద కదలని గడ్డ కట్టి, లోపల పుండు పడితే అది జలుబు కాదు. ఆ జబ్బుకి మందు లేదు. గుర్రం నుంచి గుర్రానికి నీళ్లతొట్టి మీదుగా పోతుంది. గుర్రం నుంచి మనిషికీ పోతుంది.

ఇవన్నీ ఆమెకి నేర్పింది మేనమామ. ఆరేళ్లప్పుడు తల్లి పోతే, తెచ్చి గుర్రాల మధ్యలో పెంచాడు. మిగతా పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దుకుంటుంటే ఆమె డొక్క మీద ఊపిర్లు లెక్కపెట్టడం నేర్చుకుంది. "మనిషి నోటితో అబద్ధమాడతాడు. గుర్రం అసలు నోరే విప్పదు. అందుకని దాన్ని అడక్కు, చూడు" అనేవాడు.

దొడ్డి మొత్తం ఆయన్ని చెవిమామ అంటుంది. గుర్రం పక్కటెముకల మీద చెవి ఆనించి, లోపల గాలి ఎలా ఆడుతోందో వినడం ఆయన విద్య. సంతలో ఎన్ని గుర్రాలు చేతులు మారినా ఆయన చెవి పెట్టాకే మారాలి. ఆయన "గాలి బాగుంది" అంటే బేరం తెగినట్టే. ఆ తరవాత అమ్మినవాడికి బాధ్యత లేదు, కొన్నవాడికి వాపసు లేదు. ఆయన విన్నాక ఎవరైనా గుర్రం ముక్కులో వేలు పెట్టి చూస్తే అది ఆయన మొహాన ఉమ్మినట్టు లెక్క. ఇది ఎవరు పెట్టిన నియమమో ఎవరికీ తెలియదు. అందరూ పాటిస్తారు.

కళ్లెమక్క కూడా పాటించింది. సంతలో బూడిదని మామ విని తల ఊపాక, వేళ్లు దవడ కిందకి వెళ్లబోతుంటే తనే వెనక్కి తీసుకుంది. మేత సరిగా తినకపోతే, "కొత్త చోటు, బెంగ" అన్నాడు మామ. ఊపిరిలో ఈల వినపడితే, ఇనుప గోదాము దుమ్మని తనకి తనే చెప్పుకుంది. అన్నం పెట్టిన చేతిని ఎవరు అనుమానిస్తారు?

"ఏంటక్కా, పెళ్లికూతురికి ముక్కుపుడక తీస్తున్నావా?"

వెనక సోడాబుడ్డి. కళ్లద్దాలు సీసా అడుగంత మందం. పక్క కొట్టం అతనిదే. తన గుర్రాన్ని తాడు పట్టుకుని నీళ్లతొట్టి వైపు నడిపిస్తున్నాడు.

"ఆగు. అక్కడే ఆగు. దాన్ని తొట్టి దగ్గరికి తీసుకెళ్లకు."

"ఏం, నీళ్లకి కూడా టికెట్ పెట్టావా?"

ఆమె గుడ్డ విప్పి చూపించింది. సోడాబుడ్డి కళ్లద్దాలు పైకి నెట్టుకుని వంగి చూశాడు. నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"ఇది... దీని ముక్కులోదా?"

"ఆఁ. ఎవరో కావాలని కుక్కారు. చీము బయటికి రాకుండా."

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి, "నాది నిన్నటి నుంచి దగ్గుతోంది."

ఇద్దరూ తొట్టి వైపు చూశారు. సిమెంటు తొట్టి ఒకటే. పద్నాలుగు గుర్రాలూ పొద్దునా సాయంత్రం అందులోనే మూతులు పెడతాయి. ఐదు రోజులుగా బూడిద కూడా పెట్టింది.

కళ్లెమక్క గబగబా నడిచి, తొట్టి మూల చెక్క బిరడా పట్టుకుని ఊడలాగింది. నీళ్లు కాలవలోకి దూకాయి.

దొడ్డి దొడ్డంతా మీద పడింది. "పిచ్చెక్కిందా నీకు?" "ఎనిమిదింటికి గోదాము దగ్గర లేకపోతే లోడు పోతుంది!" "గుర్రం కొన్నావని తొట్టి కూడా కొన్నావా?" ఆమె స్పాంజి చూపించింది. ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. ఆ మౌనంలో ఎవరిదో గుర్రం దగ్గింది. అందరూ ఉలిక్కిపడి అటు చూశారు.

"ఎవరిక్కూడా చెప్పొద్దక్కా," అన్నాడు సోడాబుడ్డి, ఆమెని పక్కకి తీసుకెళ్లి. "పశువుల డాక్టరమ్మ చెవిన పడితే దొడ్డికి తాళం. జబ్బని తేలితే తుపాకీ. చంపినదానికి సర్కారు డబ్బిస్తుందని కాగితం మీద ఉందట. ఇచ్చినట్టు మా తాత చూళ్లేదు, మా నాన్న చూళ్లేదు. మా ఇంట్లో ఐదు నోళ్లు. నీకు దండం పెడతాను."

"నీ పిల్లలు ఈ గుర్రం మెడ పట్టుకుని ఊగుతారు కదరా."

అతను కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

*

బూడిదని ఆమెకి అమ్మిన బేరగాడు తన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. ఆమె చేతిలో గుడ్డమూట చూడగానే అదేమిటో తెలిసినట్టు సాసరు కింద పెట్టాడు. కానీ మొహంలో ఏ మార్పూ లేదు.

"రా చెల్లెమ్మా. గుర్రం ఎలా ఉంది?"

"ముక్కులో స్పాంజి పెట్టి అమ్మావు."

"నేనా?" గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నేను అమ్మేటప్పుడు మీ మామ చెవి పెట్టాడా లేదా?"

"పెట్టాడు."

"గాలి బాగుందన్నాడా లేదా?"

"అన్నాడు."

"మరి నన్నెందుకు అడుగుతావు? సంత నియమం నీకు తెలియనిదా? పాలిచ్చిన బర్రెని వదిలేసి చెంబుతో పోట్లాడతానంటే ఎలా?"

"నా గుర్రం చస్తుంది. పక్కవాళ్లవీ చస్తాయి. మనుషులు చస్తారు."

బేరగాడు అటూ ఇటూ చూసి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఇప్పుడు గొంతు మెత్తగా, అన్న మాట్లాడినట్టే ఉంది. "చూడు చెల్లెమ్మా. నువ్వు కష్టజీవివి. నీ డబ్బు పోవాలని నాకేం సరదా? ఆ స్పాంజి శుభ్రంగా ఉడకబెట్టు. మళ్లీ పెట్టు. కాస్త మిరియాల కషాయం తాగించి, ఒళ్లు మెరిసేలా తోమి, వచ్చే సంతకి పట్టుకురా. కొనేవాడు ఎవడో ఒకడు ఉంటాడు. మీ మామ ఎలాగూ చెవి పెడతాడు. నువ్వు పెట్టిన డబ్బు నీకొస్తుంది. నాకు అంటగట్టినవాణ్ని నేను వెతుక్కుంటూ పోయానా? లేదే. ముందుకి పంపేశాను. లోకం అలా నడుస్తోంది."

ఆమెకి ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్కటే, ఆ సంత కళ్లముందు కనిపించింది. బూడిద తాడు ఇంకొకళ్ల చేతిలో పెట్టి, నోట్లు కొంగున కట్టుకుని వెనక్కి తిరగడం. అంత సులువా? అంత సులువే. ఆ ఇంకొకళ్లు ఎవరు? తనలాగే పదకొండేళ్లు అద్దె గుర్రం తోలినవాళ్లే. కొత్త గుర్రాలు కొనే డబ్బున్నవాళ్లు ఆ సంతకి రారు.

"ఒక్కటి చెప్పు," అంది. "దాని ఊపిరి రెండు గజాల దూరానికి ఈల వేస్తోంది. మామ చెవికి అదెలా వినపడలేదు?"

బేరగాడు ముందు నవ్వు ఆపుకోవాలని చూశాడు. ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు, కాలు తగిలి సాసరు దొర్లిపోయింది.

"ఆ మాట ఆయన్నే అడుగు చెల్లెమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "కాస్త గట్టిగా అడుగు."

ఎగతాళి అనుకుంది. వీధి చివర దాకా వచ్చి ఆగింది. ఎడమకి తిరిగితే దొడ్డి, కుడికి తిరిగితే పశువుల ఆసుపత్రి. సోడాబుడ్డి ఇంట్లో ఐదు నోళ్లు గుర్తొచ్చాయి. తన పదకొండేళ్లు గుర్తొచ్చాయి. కుడికి తిరిగింది.

డాక్టరమ్మ స్పాంజిని చేత్తో ముట్టుకోలేదు. గాజుపాత్రలో వేయించి మూత పెట్టించింది.

"చేతులు కడుక్కున్నావా? వేళ్ల మీద గాయాలేమైనా ఉన్నాయా? దగ్గు, జ్వరం?"

"లేవు."

"మంచిపని చేశావు. ఇలాంటివి నా దాకా ఎవరూ తీసుకురారు." ఆమె గొంతులో మెప్పుకంటే అలసట ఎక్కువ ఉంది. "నీ వెనకే నేనూ వస్తాను. అన్నిటికీ రక్తం తీయాలి. ఫలితం వచ్చేదాకా ఒక్క గుర్రం కూడా బయటికి రాకూడదు."

"తేలితే?"

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంటూ ఉండిపోయింది.

*

తిరిగి వచ్చేసరికి చెవిమామ దొడ్డిలోనే ఉన్నాడు. అరుగు మీద కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లకి ఏదో పాత కథ చెబుతున్నాడు. ఈ మధ్య ఆయన మాట్లాడటం మొదలుపెడితే ఆపడు. ఎదుటివాడికి సందు ఇవ్వడు. పెద్దాయనకి చాదస్తం వచ్చిందనుకునేవాళ్లు. దారిలో పిలిచినా పలక్కుండా పోతుంటే, సంతలో పేరొచ్చాక తల పైకెత్తాడనుకునేవాళ్లు.

"రావే అమ్మడూ!" అన్నాడు ఆమెని చూడగానే. "పొద్దున్నే ఎక్కడికి పోయావు? అందరూ ఏంటి మొహాలు వేలాడేసుకున్నారు? నీ బూడిదకి ఏదో అయిందంటున్నారు. నేను విన్నాను కదా! బెంగ అది. పద, మళ్లీ వింటా."

ఆయన లేచి చేతికర్ర ఊపుకుంటూ కొట్టంలోకి నడిచాడు. వెనకే కళ్లెమక్క, ఆమె వెనక సోడాబుడ్డి, గుమ్మం బయట మిగతావాళ్లు.

బూడిద పడుకోలేదు. ఊపిరితిత్తులు బాగాలేని గుర్రం పడుకోదు, పడుకుంటే గాలి చాలదు. నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టుకుని మెడ చాచి నిలబడి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఈల. వదిలినప్పుడల్లా లోపల తడిగుడ్డ చింపినట్టు చప్పుడు. గుమ్మం బయట ఉన్నవాళ్లకి కూడా వినపడుతోంది. సోడాబుడ్డి మొహం తిప్పుకున్నాడు.

చెవిమామ వంగి పక్కటెముకల మీద చెవి ఆనించాడు. అరచెయ్యి గుర్రం వీపు మీద వేశాడు. కొట్టం అంతా ఊపిరి బిగబట్టింది, గుర్రం ఒక్కటి తప్ప.

"గాలి బాగుంది," అన్నాడు, ఎప్పటిలాగే స్థిరంగా.

అబద్ధమాడే మనిషి కాస్తయినా తడబడతాడు. ఈయన తడబడలేదు. అక్కడ అందరికీ వినపడుతున్నది, గుర్రానికి చెవి ఆనించిన ఈయనకి...

సరిగ్గా అప్పుడే దొడ్డి గేటు ధడాలున తెరుచుకుంది. సైలెన్సర్ ఊడిన స్కూటరు ఫట్ ఫట్‌మని లోపలికి దూసుకొచ్చింది. డాక్టరమ్మ. మనుషులందరూ అటు తిరిగారు. బూడిద కూడా చెవులు అటు తిప్పింది. పక్క కొట్టాల్లో రెండు గుర్రాలు బెదిరి కాలు విసిరాయి.

చెవిమామ కదల్లేదు. ఇంకా గుర్రం పొట్ట వైపే వంగి, దాని వీపు మీద వెంట్రుకలు సవరిస్తూ, "మేతలో కాస్త బెల్లం కలుపు, అమ్మడూ" అంటున్నాడు.

బేరగాడి నవ్వు ఎందుకో ఇప్పుడు అర్థమైంది. కళ్లెమక్క మేనమామ వీపు వెనక నిలబడి, పెదాలు ఆయనకి కనపడకుండా, మామూలు గొంతుతో అంది:

"మామయ్యా, గుర్రం చచ్చిపోయింది."

ఆయన వెంట్రుకలు సవరిస్తూనే ఉన్నాడు.

"మామయ్యా, సోడాబుడ్డి పిల్లలకి కూడా అంటుకుంది."

సోడాబుడ్డి కెవ్వుమన్నంత పని చేశాడు. చెవిమామ చేతికర్ర తీసుకుని తీరిగ్గా ఇటు తిరిగి, అందరి మొహాలూ చూసి, అప్పుడు ఆగాడు. ముసలి కళ్లు ఒక మొహం నుంచి ఇంకో మొహానికి, ఒక నోటి నుంచి ఇంకో నోటికి పరుగెత్తాయి. గుమ్మంలో డాక్టరమ్మని చూశాడు. ఆమె ఎప్పుడొచ్చిందో తెలియలేదని ఆ కళ్లే చెప్పాయి.

కళ్లెమక్క ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. ఒక్కొక్క మాటా విడగొట్టి, పెదాలు బాగా కదిలేలా అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

ఆయన బూడిద ముక్కు నుంచి ఇంకా కారుతున్న పసుపుపచ్చ తీగ వైపు చూశాడు. దారం లేదు. స్పాంజి లేదు. కర్రకి ఆనుకుని మెల్లగా గడ్డి మోపు మీద కూలబడ్డాడు.

"స్పాంజి," అంది ఆమె. "ఎవరు పెట్టారు?"

పెంచిన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, వాటి వైపు చూసుకుంటూ మొదలుపెట్టాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలియని మనిషిలా, దొడ్డి అవతల వీధిలోకి కూడా వినపడేలా చెప్పాడు.

"మూడేళ్లయిందమ్మడూ. ముందు కుడి చెవి పోయింది. తరవాత ఇదీ పోయింది. చెప్తే ఏముంది? చెవిమామకి చెవుల్లేవంటే నన్ను కుక్క కూడా పలకరించదు. చెవి ఒక్కటే కదా నా దగ్గరున్నది. బేరగాడికి తెలిసిపోయింది. వెనకనించి పిలిచి చూశాడు, ఇప్పుడు నువ్వు పిలిచినట్టే. ఎవరికీ చెప్పనన్నాడు. తను టోపీ పెట్టుకుంటే గుర్రం మంచిదనమన్నాడు, తీస్తే కాదనమన్నాడు. ఎప్పుడూ తీయలేదు. మొదట్లో బాధపడ్డా. గుర్రానికి నూట యాభై ఇచ్చేవాడు. తరవాత బాధ తగ్గింది. కళ్లతో చూస్తే నాకు తెలుస్తుంది కదా, డొక్కలో తెలుస్తుంది, దవడలో తెలుస్తుంది. తెలిసి కూడా తల ఊపాను. ఎన్నిటికో లెక్కలేదు. ఈ స్పాంజి పెట్టింది నేనే. వాడికి ఈ గుర్రం ముక్కు అందనివ్వలేదు, నాకు అందనిచ్చింది. నన్ను నమ్మింది. సంత రోజు తెల్లారగట్ల పెట్టాను, ఎవడో తెలియనివాడు కొనుక్కుపోతాడులే అనుకున్నా. సంతలో చూస్తే తాడు నీ చేతిలో ఉంది. డబ్బు మూట విప్పి నా మాట కోసం ఆగావు. నన్ను చూసి నవ్వుతున్నావు, నీ పెదాలు కదిలాయి, ఏమన్నావో ఇప్పటికీ తెలియదు నాకు. అప్పుడైనా చెప్పొచ్చు. నువ్వు నా బిడ్డవి, నీకైనా చెప్పొచ్చు. చెప్పలేదు. దాని పక్కన చెవి పెట్టి కళ్లు మూసుకుని చాలాసేపు ఉన్నాను. నేను శ్రద్ధగా వింటున్నాననుకున్నారు మీరంతా. నీ మొహం చూడలేక మూసుకున్నానే, అమ్మడూ."